బావిలో దొరికిన దవడ

పోయిన వేసవిలో ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీది సామానంతా కిందికి దింపించాను. అందులో ఒక పాత ట్రంకుపెట్టె, ఆ పెట్టె అడుగున ఒక పౌడరు డబ్బా. ఎన్నడో మరిచిపోయిన వస్తువు అనుకోకుండా బయటపడిందని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ అది నిజం కాదు. ఆ డబ్బా ఎక్కడుందో నాకు తెలియని రోజు ఈ అరవై ఏళ్ళలో ఒక్కటి లేదు. పెళ్ళయి నరసరావుపేట వెళ్ళినప్పుడు నా వెంట వచ్చింది. ఉద్యోగంలో ఊళ్ళు మారినప్పుడల్లా చీరల మడతల మధ్య వచ్చింది. చివరికి గుంటూరులో ఇల్లు కట్టుకున్నాక అటకెక్కింది. పారెయ్యలేకపోయాను. మూత తీసి చూడనూ లేకపోయాను. ఆరోజు దాన్ని దింపిన పనివాడి చేతిలోంచి జారి, మూత ఊడి, లోపలిది నేల మీద పడి దొర్లింది. నిచ్చెన అడగడానికి వచ్చిన ప్రణతి దాన్ని వంగి తీసింది. ప్రణతి మా పై వాటాలో అద్దెకున్న వాళ్ళమ్మాయి, జియాలజీలో ఎమ్మెస్సీ చదువుతోంది. నల్లగా, అక్కడక్కడా గోధుమరంగు చారలతో, గుప్పిటకి సరిగ్గా పట్టేంత పన్ను. రాయంత బరువు. ఆ పిల్ల దాన్ని వెలుతురుకి పట్టి తిప్పి తిప్పి చూసి, ఎక్కడిదని అడిగింది. మా ఊరిదని మాత్రం చెప్పాను.

ఆమె దాన్ని తీసుకెళ్ళి వాళ్ళ ప్రొఫెసరుకు చూపించింది. నెల తిరిగాక ఒక ఆదివారం పొద్దున వంటింటి గడపలో కూర్చుని, నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఆయన చెప్పిన సంగతంతా చెప్పింది. అది గిట్టల జంతువు దవడపన్నట. హిప్పో, మనవాళ్ళు నీటిగుర్రం అంటారే, దానికి దాయాది. పేరు హెక్సాప్రోటోడాన్. అది ఒక్క జంతువు పేరు కాదట, ఒక ప్రజాతి మొత్తానికి పెట్టిన పేరట. మన ఏరుల్లో, మన మడుగుల్లో ఒకప్పుడు మందలుగా తిరిగాయట. మనిషి రాతి పనిముట్లు పట్టుకుని తిరిగే కాలం దాకా ఉండి, ఆ తరువాత ఒక్కటీ మిగలకుండా పోయాయట. అరిగిన పన్ను మీద మూడు రేకుల ఆకులా కనబడే గుర్తుని బట్టి పోల్చారట. పేరుకి అర్థమేమిటని నేనే అడిగాను. "ముందర ఆరు పళ్ళున్నది అని, ఆంటీ. ఇప్పుడు ఆఫ్రికాలో ఉండే హిప్పోకి కింది దవడలో ముందుపళ్ళు నాలుగే. దీనికి ఆరు," అంది. చేట పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆ ఆరు లెక్క నాకు పదేళ్ళప్పుడే ఒకాయన చెప్పారు. మట్టి చేతులతో, వేలు పెట్టి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూపించి మరీ చెప్పారు.

ఆయన పేరు ఏసోబు. ఇప్పుడు ఏసోబు గారు అని రాస్తున్నాను గానీ ఈ గారు అప్పుడు లేదు. పదేళ్ళ పిల్లనై ఉండి, మా నాన్న ఈడు మనిషిని పట్టుకుని "ఏసోబూ" అని పిలిచేదాన్ని. ఆయన నన్ను "పాపగారూ" అనేవారు. మా ఇంట్లో ఎవరికీ అది తేడాగా అనిపించలేదు, నాకూ అనిపించలేదు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో బావి తవ్వాలంటే ముందు ఆయనకే కబురు వెళ్ళేది. ఊరికి దక్షిణాన క్రైస్తవుల పేటలో ఇల్లు. ఆయన కూతురు కరుణ, నేనూ ఒకే తరగతి. లెక్కల్లో నాకంటే ముందుండేది. మేష్టారు పలక చూసి "సరే" అనకముందే తుడిచేసి తరువాతి లెక్కకి సిద్ధంగా కూర్చునేది.

మా ఊరు అద్దంకికి అవతల, గుండ్లకమ్మ ఒడ్డున. ఇంటి ముందు మిరప కల్లం, వెనక పశువుల కొట్టం. మాఘం వెళ్ళే సరికి కల్లంలో పరిచిన మిరపకాయల ఘాటు ఇంట్లో గోడలకి కూడా పట్టేది. రెండు నెలల పాటు మాటల మధ్య తుమ్మడం, తుమ్ముల మధ్య మాట్లాడుకోవడం మాకు అలవాటు. బంధువులెవరైనా వచ్చి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే మా నాయనమ్మ "పట్నం ముక్కు" అని నవ్వేది. ఆవిడ తెల్లవారకముందే లేచి, నానబెట్టిన పత్తిగింజలు రోట్లో వేసి రుబ్బేది. ఆ పాలు కారే పిండి, తవుడు కలిపి గేదెలకి పెట్టేది. ఆ వాసన తియ్యగా, కొంచెం మురిగినట్టు ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా తడిసిన పత్తిగింజల వాసన తగిలితే నా చెవుల్లో రోటి చప్పుడు వినిపిస్తుంది. నాయనమ్మకి మైల పట్టింపు ఎక్కువ. పేటవాళ్ళు పెరటి దడి దాటి రాకూడదు. వాళ్ళు తెచ్చిన కట్టెల మోపు మీద చెంబెడు నీళ్ళు చల్లిగానీ లోపల పెట్టనిచ్చేది కాదు. నేను బడి నుంచి రాగానే బట్టలు మార్చుకోవాలి. కరుణ పక్కన కూర్చున్నానని ఒకసారి నోరు జారితే తలస్నానం చేయించింది. ఆవిడ నన్ను ప్రేమించిన మనిషి. కందిపొడి అన్నంలో నెయ్యి వేసి ముద్దలు కలిపి పెట్టిన మనిషి. ఈ రెండూ ఆ చేతులే చేశాయి.

తాతయ్య సంగతి వేరు. ఆయనకి ఊళ్ళో ఉన్న గౌరవంలో సగం భూమి వల్ల వచ్చింది, సగం నీళ్ళ వల్ల. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేలో నడిచేవాడు. నీళ్ళున్న చోట కాయ లేచి నిలబడుతుందని ఆయన నమ్మకం, ఊరందరి నమ్మకం. చుట్ట వెలిగించి, పంచె ఎగ్గట్టి ఆయన నడుస్తుంటే వెనక పదిమంది నిశ్శబ్దంగా నడిచేవాళ్ళు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మిరపనారు నిలవాలంటే తూర్పు చేలో బావి తప్పదనుకున్నారు. తాతయ్య కాయ పట్టుకుని నడిచి, చేను మూలన ఆగి, మడమతో గుర్తు పెట్టాడు. ఏసోబు గారు ఆ మట్టి గుప్పెడు తీసి వాసన చూసి, కాస్త నాలుక మీద వేసుకుని, ఆ మూల ఉప్పు పడుతుందేమోనని, తాటిచెట్ల వైపు తవ్వితే మంచిదని మెల్లగా అన్నారు. నీళ్ళ సంగతి నాకు తెలుసు, మట్టి మొయ్యడం నీకు తెలుసు, నీ పని నువ్వు చూడమన్నాడు తాతయ్య. వెనకున్న వాళ్ళు నవ్వారు. ఏసోబు గారు కూడా నవ్వి, తలపాగా బిగించి, గడ్డపలుగు అందుకున్నారు.

తవ్వే బావి దగ్గరికి ఆడవాళ్ళు వెళ్తే నీళ్ళు పడవంటారు. అయినా మధ్యాహ్నం తాతయ్యకి మజ్జిగ తీసుకెళ్ళే పని నాది కావడంతో, ఆయన తాటిచెట్ల నీడన కునుకు తీస్తుంటే నేను బావి దగ్గర చేరేదాన్ని. ఏసోబు గారు దిగే ముందు మోకు పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. పైకి వచ్చాక, ఆరోజు ఎన్ని రకాల మట్టి తగిలిందో అన్ని గుప్పెళ్ళు గట్టు మీద వరసగా పెట్టేవారు. పైన నల్లరేగడి, కింద సుద్ద, దాని కింద పసుపుపచ్చ మన్ను, ఆ కింద ఇసుక. ఒక్కొక్కటి నా చేతిలో పోసి, ఇది వానల మట్టి, ఇది ఏరు తెచ్చిన మట్టి అని చెప్పేవారు. ఇక్కడ ఏరెక్కడుంది, ఏరు మైలు దూరంలో ఉంది కదా అన్నాను. అప్పుడు ఇక్కడ పారి ఉంటదన్నారు. ఏరు చోటు మారుతుందని నాకు మొదట చెప్పిన మనిషి ఆయనే.

మనిషి నిలువెత్తు లెక్కన అయిదు నిలువులు తవ్వాక గులకరాళ్ళ పొర వచ్చింది. ఆ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆయన తట్టలో తానే కూర్చుని పైకి వస్తున్నారు. ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకున్నట్టు దవడ ఉంది. నా మూరెడుంటుంది. తాగడానికి తెచ్చుకున్న కుండలో నీళ్ళన్నీ దాని మీద పోసి కడిగారు. ముందు భాగంలో గుండ్రంగా, కర్రముక్కల్లా ముందుకి పొడుచుకొచ్చిన పళ్ళు. వాటికి అటూ ఇటూ వంకర తిరిగిన కోరలు.

"చూడండి పాపగారూ, ఆరు. గొడ్డుకి ముందర ఎనిమిది ఉంటయ్, పలకల్లా ఉంటయ్. ఇయ్యేమో బుడిపెలు. గొడ్డుకి కోరలుండవ్. పందికైతే ఇంత దవడుండదు. ఇది మనం చూసిన జంతువు కాదు," అన్నారు. తరువాత దవడ మీద గోటితో కొట్టారు. కంగుమంది. "బొమిక గూడా కాదు ఇప్పుడిది. రాయైపోయింది. ఎన్నేళ్ళు పడితే బొమిక రాయవుద్దో ఆ దేవుడికే తెలియాల."

వెనకనున్న దవడపన్ను ఒకటి వదులైపోయి చేతిలోకి ఊడి వచ్చింది. ఆయన దాన్ని తుడిచి నా చేతిలో పెట్టి, సైన్సు మేష్టారికి చూపించమన్నారు. ఆయన పట్నంలో చదువుకున్నవాళ్ళని అడిగి, ఇదేమిటో కనుక్కుంటాడన్నారు. ఏసోబు గారి ముఖం నాకిప్పటికీ గుర్తుంది. తెలుసుకోవాలన్న ఆశ ఉన్న ముఖం. ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో ఎన్ని వందల మంది పిల్లల్లో ఆ ముఖం కోసం వెతికానో.

పన్ను నా బడిపెట్టెలో రిబ్బన్ల కింద దాచాను. మర్నాడు మేష్టారికి చూపించాల్సింది, చూపించలేదు. చూపిస్తే తీసుకుంటారేమోనన్న ఆశపోతుతనం. మూడో రోజు బావిలో నీళ్ళు పడ్డాయి. తాతయ్య మొదటి చెంబు నీళ్ళు నోట్లో పోసుకుని, మింగకుండా ఊసేశాడు. ఉప్పు. చేలో ఇరవైమంది దాకా ఉన్నారు. ఆయన కాయ అబద్ధమాడటం అందరూ చూశారు, ఏసోబు గారి నాలుక నిజం చెప్పడం కూడా చూశారు. ఆ సాయంత్రం తాతయ్య అన్నం ముందు కూర్చుని తినకుండా లేచాడు. గట్టు మీద గోనె కప్పి ఉంచిన దవడ తెల్లారేసరికి లేదు. ఎవరో పగలగొట్టి ఏట్లో పారేశారని విన్నాను.

పొద్దునే మా ఇంటి ముందు కల్లంలో పెద్దలు కూర్చున్నారు. బావిలో గొడ్డు బొమికలు బయటపడ్డాయని, తన మాట వినలేదన్న కక్షతో ఏసోబే అవి తెచ్చి పడేసి బావిని మైలపరిచాడని, అందుకే మంచినీళ్ళు ఉప్పెక్కాయని తాతయ్య చెప్పాడు. చచ్చిన గొడ్లని ఊరవతలకి మోసుకెళ్ళే పని పేటవాళ్ళదే గనుక ఆ మాట అతకడానికి ఎక్కువ సేపు పట్టలేదు. ఏసోబు గారు కల్లం బయట నిలబడి, అవి బొమికలు కావని, రాళ్ళని, అయిదు నిలువుల కింద గులకరాళ్ళలో పొదిగి ఉన్నాయని చెప్పారు. ఉంటే చూపించమన్నారు పెద్దలు. చూపించడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడాయన అరుగు మీద స్తంభం పక్కన నిలబడ్డ నా వైపు చూశారు.

"పాపగారి దగ్గర ఒక పన్నుంది. నేనే ఇచ్చా. అది చూడండయ్యా, అది బొమికో రాయో మీకే తెలుసుద్ది," అన్నారు.

అందరూ తిరిగి చూశారు. తలుపు చాటు నుంచి నాయనమ్మ చూసింది. తాతయ్య నన్ను దగ్గరికి పిలవలేదు, కూర్చున్న చోటు నుంచే, ఎంతో ముద్దుగా అడిగాడు.

"ఏమ్మా, నీ దగ్గరుందా?"

"లేదు తాతయ్యా," అన్నాను.

ఆ మాట అనడానికి నాకు కష్టం కలగలేదు. అదే నన్ను ఇన్నేళ్ళుగా సిగ్గుతో చంపుతున్నది. గొంతు వణికి, కళ్ళలో నీళ్ళు తిరిగి చెప్పి ఉంటే ఇప్పుడు కాస్త ఓదార్పుగా ఉండేది. చాలా తేలిగ్గా, బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాను. బావి దగ్గరికి వెళ్ళినందుకు తిడతారన్న భయం ఉంది. బొమిక ముట్టుకున్నందుకు నాయనమ్మ ఏం చేస్తుందోనన్న భయం ఉంది. కానీ వాటన్నిటి కంటే, తాతయ్య అడిగిన తీరులోనే ఏం చెప్పాలో ఉంది. దాన్ని నేను అందుకున్నాను. ఎవరూ నేర్పకుండానే నాకు మా వైపు ఏదో తెలుసు. ఏసోబు గారు నన్ను కోపంగా చూడలేదు. నేల వైపు చూసి, మోకు చుట్టుకుని భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. ఆనాటి లెక్కలో అది పెద్ద దయ కింద చెప్పుకున్నారు.

ఆ తరువాత ఏ ఊరి నుంచీ ఆయనకి బావి కబురు రాలేదు. నీళ్ళు మైలపరిచే మనిషి చేత ఎవరు తవ్వించుకుంటారు? బొమికల ఏసోబు అన్న పేరు పడింది. ఏడాది తిరగకుండానే ఇంటిల్లిపాదినీ తీసుకుని దాచేపల్లి వైపు సున్నపురాయి కొట్టే పనికి వెళ్ళారని తెలిసింది. కరుణని చీరాలలో హాస్టల్లో వేశారట. బడిలో ఆమె స్థలం ఖాళీ అయింది. లెక్కల్లో నేను మొదటిదాన్ని అయ్యాను.

నేను తెలుగు టీచర్నయ్యాను. సత్యం గురించి ఎన్ని పాఠాలు చెప్పానో. అబద్ధం ఆడిన పిల్లల్ని లేపి నిలబెట్టాను కూడా. తాతయ్య పోయినప్పుడు చెప్పి ఉండవచ్చు, ఇక భయపడటానికి ఎవరూ లేరు. నాయనమ్మ పోయినప్పుడు చెప్పి ఉండవచ్చు. దాచేపల్లి మీదుగా వెళ్ళే బస్సు ఎన్నోసార్లు ఎక్కాను, కిటికీలోంచి తెల్లటి దుమ్ము పట్టిన చెట్లను చూస్తూ కూర్చున్నాను, దిగలేదు. చిన్నపిల్లని, నాకేం తెలుసు అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆ మాటకి వయసు మీద పడుతోందని గమనించుకోలేదు.

ప్రణతి వాళ్ళ ప్రొఫెసరు, ఆ పన్ను ఎవరికి ఎక్కడ దొరికిందో రాసిమ్మని కబురు పెట్టారు. కాగితం ముందు పెట్టుకుని ఊరు పేరు, చేను దిక్కు, లోతు అన్నీ రాశాను. దొరికింది ఏసోబు గారికి అని రాశాను. ఇంటిపేరు కూడా కావాలన్నారు. నాకు తెలియదు. మా ఊళ్ళో మావాళ్ళ ప్రతి కుటుంబం ఇంటిపేరు, గోత్రం నాకు నోటికి వచ్చు. ఆయనకి ఇంటిపేరు ఒకటి ఉంటుందన్న ఆలోచనే అప్పటిదాకా నాకు రాలేదు. అదే నన్ను కదిలించింది. పాత విద్యార్థుల ద్వారా వాకబు చేస్తే, కరుణ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై పర్చూరులో ఉంటున్నదని తెలిసింది.

ఆమె ఇల్లు శుభ్రంగా, చిన్నగా ఉంది. తలుపు తీసి నన్ను చూసి, పేరు చెప్పకముందే గుర్తుపట్టింది. కూర్చోండి అంది. చిన్నప్పుడు మేము నువ్వు అంటే నువ్వు అనుకునేవాళ్ళం. మంచినీళ్ళు ఇచ్చి ఎదురుగా కూర్చుంది. నేను పన్ను సంగతి మొదలుపెట్టి, దారిలో సిద్ధం చేసుకున్న మాటలన్నీ మరిచిపోయి, చివరికి నా దగ్గరే ఉంది, లేదని చెప్పాను అని ఊరుకున్నాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"నాకు తెలుసండీ. మా నాన్న ఆరోజే చెప్పాడు. వారం రోజులు రోజూ సాయంత్రం బడి వదిలే వేళకి ఆ దారిలో నిలబడ్డాడు, మీరేమన్నా చెప్తారేమోనని. మీరు అవతలి గట్టు మీదుగా పోయేవాళ్ళు," అంది.

నిజమే. ఆ వారం నేను గట్టు మీదుగా ఇంటికి వెళ్ళాను. అంత బాగా మరిచిపోయానో, మరిచిపోవాలనుకున్నానో. నేను తలెత్తలేదు. ఆమె మళ్ళీ అంది.

"పోయేదాకా మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. చిన్నపిల్ల, భయపడి ఉంటది అనేవాడు. నేను మాత్రం అనుకునేదాన్ని. పదేళ్ళప్పుడు చిన్నపిల్లే. మరి ముప్పై ఏళ్ళప్పుడు? యాభై ఏళ్ళప్పుడు?"

రాళ్ళ దుమ్ముకి ఆయన ఊపిరి చెడి, అరవై నిండకుండానే పోయారని చెప్పింది. ఇంటిపేరు మేకల అని చెప్పి, నా కాగితం తీసుకుని, తన చేత్తోనే మేకల ఏసోబు అని గుండ్రటి అక్షరాలతో రాసింది. ఇంకెవరికైనా చెప్పాలా అని అడిగాను. అప్పుడు మొదటిసారి ఆమె గొంతులో వేడి వినిపించింది. తన తమ్ముడు తిరిగి ఊరికే చేరాడని, అతని మనవణ్ణి బడిలో ఇప్పటికీ బొమికలోడు అంటారని, ఎందుకంటారో అనేవాళ్ళకి కూడా తెలియదని చెప్పింది.

"నాకు చెప్పి ఏం లాభం? తెలియాల్సింది నాకు కాదు గదా. ఎక్కడన్నారో అక్కడే చెప్పండి. నేనూ వస్తా," అంది.

రెండు రోజుల తరువాత ఇద్దరం విడివిడిగా బస్సు దిగి మా ఊళ్ళో కలుసుకున్నాం. మా కల్లం ఇప్పుడు లేదు. అక్కడ మా పెదనాన్న మనవలు మేడ కట్టారు. మిరపకాయలు ఎండీ ఎండకముందే లారీలెక్కి గుంటూరు కోల్డ్ స్టోరేజీలకి వెళ్ళిపోతున్నాయి. ఊళ్ళోకి వచ్చాక ఒక్క తుమ్ము రాలేదు. తూర్పు చేలో బావి పూడ్చేసి చాలా కాలమైందట, వందల అడుగుల బోర్లు వచ్చాక బావి తవ్వడం తెలిసిన మనిషే ఊళ్ళో లేడు. పేట నుంచి వచ్చినవాళ్ళూ మావాళ్ళూ పాలకేంద్రం దగ్గర ఒకే వరసలో క్యాన్లు పెట్టి నిలబడుతున్నారు, ఒకరినొకరు గారు అనే పిలుచుకుంటున్నారు. ఇది మాటవరసకి కాదు, నిజంగా మారిందే. మా నాయనమ్మ చూస్తే తట్టుకోలేకపోయేది. అయినా ఆ వరసలోనే ఒకాయన కరుణని చూసి, పక్కవాడితో బొమికల వాళ్ళమ్మాయి అని చెప్పడం నా చెవిన పడింది. అందులో ద్వేషం లేదు. మేకల అనడం ఎంత మామూలో అంత మామూలుగా అన్నాడు.

అక్కడే, పాలకేంద్రం ముందు, నన్ను నేను పరిచయం చేసుకుని చెప్పాను. పాతికమంది ఉంటారేమో. ఫలానా వారి మనవరాలినని, తూర్పు బావిలో దొరికింది గొడ్డు బొమికలు కాదని, ఎప్పుడో లేకుండా పోయిన ఒక పెద్ద జంతువు దవడ అని, అది గొడ్డు కాదని ఏసోబు గారు ఆరోజే గుర్తుపట్టారని, సాక్ష్యం నా దగ్గర పెట్టుకుని లేదని అబద్ధమాడానని చెప్పాను. గొంతు ఈసారి వణికింది. కుర్రవాళ్ళు ఫోన్లలోంచి తలెత్తి చూసి, ఏం జంతువని అడిగారు. కొందరు ఇప్పుడెందుకమ్మా అవన్నీ అన్నారు. సిమెంటు బల్ల మీద కర్ర పట్టుకుని కూర్చున్న రాఘవయ్య బాబాయి మాత్రం నన్నే చూస్తున్నాడు. మా నాన్నకి పినతండ్రి కొడుకు, ఎనభై దాటాయి.

"దాన్ని పగలగొట్టింది నేనే అమ్మాయ్," అన్నాడు. "మీ తాత చెప్పాడు, కొట్టా. సుత్తి దెబ్బకి నిప్పురవ్వలు లేచినయ్. బొమికైతే రవ్వలు లేస్తయ్యా? అది రాయని నాకు తెలుసు, మీ తాతకీ తెలుసు. కల్లంలో కూర్చున్న పెద్దలందరికీ తెలుసు."

అరవై ఏళ్ళు ఆ నిజం నా ఒక్కదాని పెట్టెలోనే ఉందనుకున్నాను. నేను మోసిన సిగ్గులో కూడా ఎంత గర్వముందో ఆ క్షణంలో అర్థమైంది. నేను అవునన్నా ఆరోజు తీర్పు మారేది కాదేమో. కానీ తనకి ఒక్క గొంతైనా తోడుందన్న ధైర్యం ఏసోబు గారు వెంట తీసుకెళ్ళి ఉండేవారు. కరుణ రాఘవయ్య బాబాయి ముందుకి వెళ్ళి నిలబడింది.

"తెలిసీ మీరెందుకు చెప్పలేదండీ?" అని అడిగింది.

ఆయన కర్ర మీద చేతులు మార్చుకున్నాడు. "ఎవరూ అడగలేదమ్మా," అన్నాడు.

ఆమె తల ఊపింది. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. తరువాత పేటలోకి వెళ్ళి తమ్ముడి ఇంట్లో కాసేపు కూర్చుని వచ్చింది. నేను రోడ్డు మీద నిలబడ్డాను. పొద్దు వాలుతుండగా ఇద్దరం బస్సు కోసం ఎదురుచూశాం. చుట్టూ పత్తిచేలు తెల్లగా విచ్చి ఉన్నాయి. తల వంచుకుని, నన్ను క్షమించు కరుణా అన్నాను. చిన్నప్పటి నువ్వు నా నోట వచ్చింది.

"ఇయ్యాల మీరు చెప్పారు, నేను విన్నాను. అంతవరకే," అంది. "దానికి ఇంకే పేరూ పెట్టొద్దు."

పర్చూరు బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, నేను నిలబడ్డ వైపు కాకుండా అవతలి కిటికీ దగ్గర కూర్చుంది.